అనలాగ్ సింథసైజర్ నడవడి, డిజిటల్ మోడల్ లెక్క

(తిరుపతిలో సంగీత విద్యార్థులు, కీబోర్డు వాద్యకారుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మన ఊళ్లో కీబోర్డు వాయించేవారు నలుగురు కలిస్తే మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒక ప్రశ్న దగ్గరికి వస్తుంది. 1970లలో, 1980లలో తయారైన అనలాగ్ సింథసైజర్ల, అంటే విద్యుత్ సర్క్యూట్లతో నాదాన్ని పుట్టించే వాద్యాల, నాదంలో ఉన్నదేదో ఇవాళ్టి డిజిటల్ యంత్రాల్లో లేదంటారు, అది నిజమా, లేక పాత వస్తువు మీద మమకారమా అన్నది ఆ ప్రశ్న. తేడా నిజంగానే ఉందని, అయితే చాలామంది దాన్ని వెతకవలసిన చోట వెతకడం లేదని నా అభిప్రాయం. ఒక స్వరాన్ని నొక్కి పట్టుకుని, ఏ నాబూ తిప్పకుండా వింటే, మంచి మోడల్‌కూ (పాత సర్క్యూట్ చేసే పనిని లెక్కతో చేసే డిజిటల్ ప్రోగ్రామ్‌కూ) అసలు యంత్రానికీ మధ్య తేడాను పట్టుకోవడం బాగా సాధన చేసిన చెవికి కూడా కష్టం. స్వరం జారినప్పుడు, ఫిల్టర్ కదిలినప్పుడు, నాలుగైదు స్వరాలు కలిసి మోగినప్పుడు ఆ తేడా బయటపడుతుంది. కాబట్టి ఈ రోజు యంత్రాల నాదాన్ని గురించి కంటే వాటి నడవడిని గురించి ఎక్కువగా మాట్లాడతాను.

అనలాగ్ యంత్రంలో స్వరమంటే ఒక వోల్టేజ్. రాబర్ట్ మూగ్ 1964లో తన మాడ్యులర్ సింథసైజర్‌కు రూపం ఇచ్చినప్పుడు అనుసరించిన పద్ధతి ప్రకారం, వోల్టేజ్ ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి వెళుతుంది. మంద్ర షడ్జం నుంచి మధ్య షడ్జానికి ఒక వోల్టు, అక్కడి నుంచి తార షడ్జానికి ఇంకొక వోల్టు. పన్నెండు స్వరస్థానాలకు పంచితే ఒక్కొక్క మెట్టుకు సుమారు 83 మిల్లీవోల్టులు వస్తాయి. ఆ వోల్టేజ్‌ను అందుకున్న ఆసిలేటర్ రంపపు పళ్ల ఆకారంలోనో, చదరపు ఆకారంలోనో ఒక తరంగాన్ని పుట్టిస్తుంది. ఫిల్టర్ అందులోని పై హార్మోనిక్స్‌ను, అంటే అసలు స్వరానికి రెండు, మూడు రెట్లు, ఇలా పై ఫ్రీక్వెన్సీల్లో కలిసి మోగే నాదాలను తగ్గిస్తుంది. ఎన్వలప్ నాదం ఎప్పుడు లేవాలో, ఎప్పుడు అణగాలో నిర్ణయిస్తుంది. 1970లో వచ్చిన మినీమూగ్ ఈ భాగాలన్నిటినీ ఒకే పెట్టెలో చేర్చి, మూడు ఆసిలేటర్లతో, ఒకసారికి ఒకే స్వరం పలికే వాద్యంగా వేదికల మీదికి వచ్చింది.

ఈ యంత్రాలతో మన దేశానికి పరిచయం చాలా పాతది. 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ యంత్రంతో ఒక ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియోను నెలకొల్పాడు. 1982లో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ కంపెనీ వారి జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 యంత్రాలతో హిందుస్తానీ రాగాలను రికార్డు చేశాడు. రాగాన్ని పలికించాలన్న కోరికతో ఈ నాబులు తిప్పినవారిలో మనం మొదటివాళ్లం కాదు.

ఇప్పుడు మన ఊరి వాతావరణానికి నేరుగా సంబంధించిన సంగతి చెబుతాను. దీన్ని కొంచెం నిదానంగా వివరించాలి.

వోల్టేజ్ ఒక్కొక్క వోల్టు చొప్పున సమానంగా పెరుగుతుంటే ఫ్రీక్వెన్సీ మాత్రం రెట్టింపవుతూ పోవాలి. ట్రాన్సిస్టర్‌కు సహజంగానే అటువంటి గుణం ఉంది కనుక ఆసిలేటర్ లోపల ఈ మార్పిడికి ఒక జత ట్రాన్సిస్టర్లను వాడారు. చిక్కేమిటంటే ఆ గుణం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. మామూలు గది వేడిమి దగ్గర ఒక డిగ్రీ సెల్సియస్ తేడా వస్తే, ఒక వోల్టుకు స్వరం ఎంత జరగాలన్న నిష్పత్తి సుమారు 0.33 శాతం మారుతుంది. ఒక స్థాయిని 1,200 సెంట్లుగా విభజించే కొలత మీకు తెలిసిందే. 1,200లో 0.33 శాతం అంటే సుమారు 4 సెంట్లు. ఆధార స్వరం నుంచి ఒక స్థాయి దూరంలో ఉన్న స్వరం డిగ్రీకి 4 సెంట్లు, రెండు స్థాయిల దూరంలో ఉన్నది డిగ్రీకి 8 సెంట్లు కదులుతుందన్నమాట. మే నెలలో తిరుపతిలో పొద్దున 28 డిగ్రీలు ఉన్నప్పుడు శ్రుతి చేసి, మధ్యాహ్నం ఏసీ లేని హాలులో 38 డిగ్రీల వేడిలో వాయించారనుకోండి. ఏ జాగ్రత్తా తీసుకోని ఆసిలేటర్ అయితే రెండు స్థాయిల పైన 80 సెంట్లు తప్పుతుంది. ఒక స్వరస్థానం వంద సెంట్లు కనుక, దాదాపు కాకలి నిషాదం ఉండవలసిన చోటికి షడ్జం దిగుతుంది. మన సంగీతంలో ప్రమాణ శ్రుతి అనుకునే 22 సెంట్ల అంతరం దాటడానికి అక్కడ మూడు డిగ్రీల వేడి చాలు.

తయారీదారులకు ఇది తెలియనిది కాదు. వేడితో పాటు అదే 0.33 శాతం చొప్పున విలువ పెరిగే ప్రత్యేకమైన రెసిస్టర్‌ను ట్రాన్సిస్టర్లకు ఆనించి పెట్టి చాలా భాగం సరిదిద్దారు. మినీమూగ్ తర్వాతి తయారీల్లో తనను తాను ఒకే వేడి దగ్గర నిలుపుకునే చిప్‌ను అమర్చారు. అయినా పెట్టె వేడెక్కి కుదురుకునేదాకా, అంటే స్విచ్ వేసిన తరువాత ఇరవై ముప్ఫై నిమిషాల దాకా, పాత యంత్రంలో శ్రుతిని నమ్మడానికి వీలుండదు. ఆ తరువాత కూడా ఫ్యాన్ గాలి నేరుగా తగిలితే చాలు, కదులుతుంది.

పాత యంత్రాలను ప్రేమించేవారు ఈ కదలికనే జీవం అంటారు. వారి మాటలో కొంత నిజం ఉంది, కానీ రెండు వేరు వేరు కదలికలను వారు ఒకటిగా చూస్తున్నారు. మధ్యాహ్నానికి శ్రుతి తప్పడం ఎవరికీ ఇష్టం లేదు, దాన్ని మెచ్చుకున్న వాద్యకారుడిని నేను చూడలేదు. మనం మెచ్చుకునేది ఒకే స్వరాన్ని పలికే రెండు మూడు ఆసిలేటర్ల మధ్య క్షణక్షణానికీ కొద్దికొద్దిగా మారే అంతరాన్ని. ఆ అంతరం వల్ల వాటి తరంగాలు ఒకసారి కలిసి, ఒకసారి విడిపోయి, ప్రతిసారీ స్వరారంభం కొంచెం వేరుగా వినిపిస్తుంది. ఒకే మీటను పదిసార్లు నొక్కితే పది రకాల ఆరంభాలు వస్తాయి. చెవి ఆ వైవిధ్యాన్ని లెక్కపెట్టదు, కానీ అది లేకపోతే మాత్రం గమనిస్తుంది.

పాత యంత్రాలన్నీ ఇలాగే ఉండేవనుకోవడం కూడా సరికాదు. 1978లో డేవ్ స్మిత్ రూపొందించిన ప్రోఫెట్-5లో ఐదు స్వరాలు ఒకేసారి పలికేవి. దాని లోపల జెడ్80 మైక్రోప్రాసెసర్ ఉండేది, ట్యూన్ మీట నొక్కితే అది పది ఆసిలేటర్లనూ ఒక్కొక్కటిగా కొలిచి సరిదిద్దేది. అంటే అనలాగ్ యుగానికి మణిపూస అని మనం చెప్పుకునే వాద్యంలోనే కంప్యూటర్ కూర్చుని ఉంది. 1984లో వచ్చిన రోలాండ్ జూనో-106 ఇంకా ముందుకు వెళ్లింది. అందులో ఫ్రీక్వెన్సీని డిజిటల్ గడియారం నిర్ణయిస్తుంది, తరంగం ఆకారం మాత్రం అనలాగ్ సర్క్యూట్ ఇస్తుంది. దాని శ్రుతి కదలదు. ఒక్కొక్క స్వరానికి ఒకే ఆసిలేటర్ కనుక పైన చెప్పిన కలయికకూ వీలు లేదు. మరి జూనో నాదం అంత విశాలంగా ఎందుకు వినిపిస్తుందంటే, చివర ఉన్న కోరస్ సర్క్యూట్ వల్ల. నాదాన్ని కొద్దిగా ఆలస్యం చేసి, ఆ ఆలస్యాన్ని కదిలిస్తూ అసలు నాదంతో కలిపే భాగం అది. ఆ కోరస్ మీటను ఆపివేసి ఒకసారి వినండి, నాదం వెంటనే చిక్కిపోతుంది. జూనో వెచ్చదనాన్ని ఆసిలేటర్ చలనానికి ఆపాదించే మాటలు చాలా విన్నాను, యంత్రం మూత తీసి చూసినవారు ఆ మాట అనలేరు.

1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనుగొన్న ఎఫ్ఎమ్ పద్ధతితో, అంటే ఒక తరంగం ఫ్రీక్వెన్సీని ఇంకొక తరంగంతో కదిలించే పద్ధతితో, పదహారు స్వరాలు, కదలని శ్రుతి, గాజు గంటల వంటి నాదాలు దొరికాయి. అనలాగ్ యంత్రాలు మూలకు చేరాయి, చవకగా అమ్ముడుపోయాయి. తరువాత పదేళ్లకు మళ్లీ వాటి మీద మోజు పుట్టింది. 1995లో స్వీడన్‌కు చెందిన క్లావియా కంపెనీ ఎర్రటి నార్డ్ లీడ్‌ను తెచ్చి, అనలాగ్ సర్క్యూట్ చేసే పనిని లెక్కతో చేసి చూపించింది. డిజిటల్ మోడలింగ్ సింథ్‌లు అని మనం ఇవాళ అంటున్న వరుసకు ఆరంభం అదే.

ఈ లెక్కలో మొదటి చిక్కు ఏమిటో అంకెలతో చూద్దాం. రంపపు పళ్ల తరంగంలో హార్మోనిక్స్‌కు అంతం లేదు. డిజిటల్ యంత్రం సెకనుకు 44,100 సార్లు మాత్రమే విలువ చెబుతుందనుకుంటే, అందులో సగమైన 22,050 హెర్ట్జ్‌కు మించినది దానిలో ఇమడదు. ఇమడనిది మాయమైపోదు, వెనక్కి మడతపడి వేరే చోట తేలుతుంది. 3,520 హెర్ట్జ్ దగ్గర ఒక ఎత్తైన స్వరాన్ని తీసుకోండి. దాని పన్నెండవ హార్మోనిక్ 42,240 హెర్ట్జ్. అది మడతపడితే 44,100లో నుంచి 42,240 పోగా మిగిలిన 1,860 హెర్ట్జ్ దగ్గర వినిపిస్తుంది. అసలు స్వరం కంటే కింద, దానితో ఏ సంబంధమూ లేని చోట ఒక దొంగ స్వరం పుట్టిందన్నమాట. ఇంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. మీరు గమకంతో స్వరాన్ని పైకి జరిపితే హార్మోనిక్ 44,100కు దగ్గరవుతుంది కనుక ఆ దొంగ స్వరం కిందికి జారుతుంది. పైకి పోతున్న గమకం లోపల కిందికి పోతున్న ఇంకొక నాదం వినిపిస్తుంది. పాశ్చాత్య సంగీతంలో ఒకచోట నిలిచే స్వరాలకు ఇది అంతగా బాధించకపోవచ్చు, గమకమే ప్రాణమైన మన సంగీతానికి మాత్రం ఇది పెద్ద లోపం. ఈ మడతలను అణచే పద్ధతులను 1990ల మధ్య నుంచి స్టాన్‌ఫర్డ్‌లోనూ ఇతర చోట్లా కనుగొంటూ వచ్చారు. ఈనాటి మంచి మోడల్‌లో అది దాదాపు వినిపించదు. చవక యంత్రంలో, ఫోన్‌లో ఉచితంగా దొరికే కొన్ని యాప్‌లలో ఇప్పటికీ వినిపిస్తుంది.

రెండవ చిక్కు ఫిల్టర్‌లో ఉంది, అది ఇంకా లోతైనది. మూగ్ ఫిల్టర్‌లో నాలుగు అంచెలు ఉంటాయి. ఒక్కొక్కటి స్థాయికి 6 డెసిబెల్‌ల చొప్పున, మొత్తం 24 డెసిబెల్‌లు తగ్గిస్తుంది. నాలుగవ అంచె నుంచి వచ్చిన నాదంలో కొంత భాగాన్ని తిరిగి మొదటి అంచెకు పంపితే రెజొనెన్స్, అంటే ఫిల్టర్ తగ్గించడం మొదలుపెట్టే చోట నాదం ప్రత్యేకంగా బలపడడం, వస్తుంది. సర్క్యూట్‌లో ఈ తిరుగు ప్రయాణం ఆ క్షణంలోనే జరిగిపోతుంది. కంప్యూటర్‌కు ఆ వీలు లేదు. ఇప్పటి జవాబు కట్టాలంటే ఇప్పటి జవాబే ముందుగా తెలియాలి. అందుకని తొలినాటి మోడల్‌లు ఒక అడుగు వెనుకటి జవాబును వాడుకున్నాయి. ఒక అడుగు అంటే సెకనులో 44,100వ వంతు, సుమారు 22.7 మైక్రోసెకన్లు. ఇంత చిన్న ఆలస్యం ఏం చేస్తుందని అడగవచ్చు. ఫిల్టర్ 10,000 హెర్ట్జ్ దగ్గర ఉన్నప్పుడు ఒక పూర్తి తరంగానికి పట్టే కాలం 100 మైక్రోసెకన్లు, అందులో 22.7 అంటే దాదాపు పావు ఆవృత్తం. ఆ పావు ఆవృత్తం తేడా వల్ల రెజొనెన్స్ ఉండవలసిన చోట ఉండదు, ఒక నాబ్ తిప్పితే రెండవ దాని ఫలితం కూడా మారిపోతుంది. నాబ్ కిందికి ఉన్నప్పుడు అసలు యంత్రంలా వినిపించిన మోడల్ పైకి తిప్పేసరికి వేరే వాద్యం అయిపోవడానికి కారణం ఇదే.

దీనికి తోడు, ట్రాన్సిస్టర్ ఎక్కువ బలంతో వచ్చిన నాదాన్ని ఉన్నదున్నట్టు పంపదు, శిఖరాలను మెల్లగా వంచుతుంది. ఆ వంపు ప్రతి అంచెలోనూ జరుగుతుంది. 2004లో ఫిన్లాండ్ పరిశోధకుడు ఆంట్టి హువోవిలైనెన్ ఈ వంపులను అంచె అంచెకూ చేర్చి మూగ్ ఫిల్టర్‌కు డిజిటల్ రూపం రాశాడు. ఆ తరువాత తిరుగు ప్రయాణంలోని ఆలస్యాన్ని తీసివేసే గణితం వాద్యాల్లోకి వచ్చింది. ప్రతి అడుగులోనూ సమీకరణాన్ని ఊహించి, సరిచూసి, మళ్లీ ఊహించి జవాబు దగ్గరికి చేరే పద్ధతి అది. 2011లో వచ్చిన యు-హీ కంపెనీ వారి డైవా సాఫ్ట్‌వేర్ ఈ బాటలో చెప్పుకోదగినది, అప్పటి కంప్యూటర్లు దాని బరువుకు ఆయాసపడేవి. నా దృష్టిలో డిజిటల్ మోడల్ అనలాగ్‌కు నిజంగా సమీపించింది ఈ దశలోనే. దానికి ముందు వచ్చినవి వేరే రకపు మంచి వాద్యాలు. 1990ల చివర్లో రోలాండ్ జేపీ-8000లో ఏడు రంపపు తరంగాలను కలిపి చేసిన సూపర్ సా అనే నాదం ఏ పాత యంత్రానికీ నకలు కాదు, అయినా దాన్ని కోరి వాడేవారు ఇప్పుడు లోకమంతటా ఉన్నారు.

ఇక స్వరాల కూటమి సంగతి. ప్రోఫెట్-5లో ఐదు స్వరాలకు ఐదు వేరు వేరు సర్క్యూట్లు ఉంటాయి. ఒకదాని ఫిల్టర్ ఒక వెంట్రుక ముందు తెరుచుకుంటుంది, ఇంకొకదాని ఎన్వలప్ ఒక క్షణం ఆలస్యంగా ముగుస్తుంది. డిజిటల్‌లో ఒకే ప్రోగ్రామ్ ఐదు స్వరాలకూ నడుస్తుంది కనుక అన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. ఇప్పుడు మోడల్ రాసేవారు కావాలనే ఒక్కొక్క స్వరానికి చిన్న చిన్న తేడాలు పెడుతున్నారు. ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, 2020లో ప్రోఫెట్-5ను మళ్లీ తయారు చేసినప్పుడు కొత్త అనలాగ్ సర్క్యూట్లు మరీ స్థిరంగా ఉండడం వల్ల, పాత అస్థిరతను కలిపేందుకు వింటేజ్ అని ఒక నాబ్‌నే చేర్చారు. అనలాగ్ యంత్రానికే ఆ అవసరం వచ్చిందంటే, మనం ప్రేమించే గుణం సర్క్యూట్ జాతిలో లేదని, ఆ తేడాల పరిమాణంలో ఉందని తేలిపోయింది.

ఇప్పుడు ఈ బల్ల మీది కీబోర్డులో రెజొనెన్స్ బాగా పెంచి, ఫిల్టర్ నాబ్‌ను చాలా నెమ్మదిగా తిప్పుతాను, వినండి. నాదం నున్నగా ఎక్కడం లేదు, మెట్లు మెట్లుగా ఎక్కుతోంది. ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానికొకటి ఆదేశాలు పంపుకునేందుకు 1983లో వచ్చిన మిడి పద్ధతిలో మామూలు నాబ్‌కు 128 మెట్లే ఉంటాయి, వాటి మధ్య జాగాను నింపే శ్రద్ధ ఈ కీబోర్డు తయారు చేసినవారు తీసుకోలేదు. మంచి మోడల్‌లు ఆ మెట్ల మధ్య జాగాను నింపి నున్నన చేస్తాయి. పిచ్ బెండ్ చక్రానికి 16,384 మెట్లు ఉంటాయి కనుక అక్కడ ఈ బాధ రాదు. అయితే ఒక స్వరం నుంచి ఇంకొక స్వరానికి జారే తీరులో ఇంకొక సూక్ష్మం ఉంది. చాలా పాత యంత్రాల్లో ఆ జారుడు, విద్యుత్తును నిలవ చేసే కెపాసిటర్ నిండే తీరును అనుసరిస్తుంది. ముందు వేగంగా కదిలి, చేరవలసిన స్వరం దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిస్తుంది. కొన్ని డిజిటల్ యంత్రాలు మొదటి నుంచి చివరి వరకు ఒకే వేగంతో జారుతాయి. తోడి గాంధారాన్ని రెండు పద్ధతుల్లోనూ ప్రయత్నించి చూడండి. స్వరాన్ని చేరుతున్నప్పటి ఆ నెమ్మది లేకపోతే గమకం గీత గీసినట్టు ఉంటుంది. మోడల్ కొనేటప్పుడు నేను మొదట చూసేది దీన్నే, తయారీ పేరును కాదు.

మోడల్‌లను అనుకరణలని తేలికగా తీసివేసే వారికి ఒక మాట చెప్పాలి. తిరుమల సంకీర్తన భాండాగారంలోని రాగిరేకుల మీద అన్నమయ్య సాహిత్యం నిలిచింది, ప్రతి పాటకూ రాగం పేరు నిలిచింది, కానీ ఆయన పాడిన బాణీ మనకు దక్కలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు ఎన్నో సంకీర్తనలకు కొత్తగా వరుసలు కట్టవలసి వచ్చింది. పాత సింథసైజర్ల ప్యాచ్ పత్రాలు కూడా అటువంటివే. ఏ నాబ్ ఎక్కడ ఉండాలో అవి చెబుతాయి, ఆ నాబ్ తిప్పినప్పుడు యంత్రం ఎలా స్పందించేదో చెప్పవు. సర్క్యూట్‌ను అంచె అంచెగా కొలిచి సమీకరణంగా రాసిన మోడల్ ఆ స్పందనను కూడా నిలబెడుతుంది. పాత యంత్రాలు రోజురోజుకూ తగ్గిపోతున్నాయి కనుక ఈ పనికి నేను చాలా విలువ ఇస్తాను. మోడల్ సరిగా ఉందో లేదో చూసుకోవడానికి పని చేస్తున్న అసలు యంత్రం ఉండాలి కనుక, ఉన్నవాటిని బాగుచేసి నిలుపుకోవడం కూడా అంతే ముఖ్యం.

నిలుపుకోవడం సులువు కాదు. జూనో-106లో స్వరాన్ని పలికించే చిప్‌ల మీద పూసిన పూత కాలక్రమంలో వాటినే పాడుచేస్తుంది, ఒక్కొక్క స్వరం మూగబోతుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు పది డిగ్రీల వేడి పెరిగితే సుమారు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక లెక్క ఉంది, మన వేసవిలో అది అక్షరాలా అనుభవంలోకి వస్తుంది. ప్యాచ్‌లను నిలిపే లోపలి బ్యాటరీ అయిపోతే మెమొరీ అంతా పోతుంది కనుక దాన్ని మార్చే ముందు ప్యాచ్‌లను బయట భద్రపరచుకోవాలి. జపాన్ మార్కెట్ కోసం చేసిన యంత్రం 100 వోల్టులకు తయారైంది, మన 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెడితే కాలిపోతుంది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. వోల్టేజ్ ఎక్కువ తక్కువయ్యే చోట స్టెబిలైజర్ కూడా కావాలి. ఆలయ ఉత్సవాల్లో ఆరుబయట పందిరి కింద వాయించే వారికి పాత అనలాగ్ యంత్రాన్ని నేను సిఫారసు చేయను. స్టూడియోలో, స్థిరమైన ఏసీ గదిలో రికార్డింగ్‌కు అయితే చేస్తాను.

చివరిగా, మన సంగీతానికి డిజిటల్ యంత్రం ఇచ్చే ఒక సదుపాయం ఉంది, దాన్ని మన వాద్యకారులు తగినంతగా వాడుకోవడం లేదు. మినీమూగ్ మీటల కింద రెసిస్టర్ల వరుస పన్నెండు సమాన మెట్లకు కట్టి ఉంటుంది, వాయించేవారు దాన్ని మార్చలేరు. షడ్జంతో 5:4 నిష్పత్తిలో కలిసే అంతర గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటే, సమాన విభజనలో అది 400 దగ్గర ఉంటుంది. ఆ 14 సెంట్ల తేడా తంబూరా పక్కన స్పష్టంగా వినిపిస్తుంది. చాలా డిజిటల్ మోడల్‌లలో ఒక్కొక్క స్వరస్థానాన్ని విడిగా సెంట్లలో సరిదిద్దవచ్చు. మెనూలో స్కేల్ ట్యూనింగ్ లేదా మైక్రో ట్యూనింగ్ అన్న పేరుతో అది ఉంటుంది. శంకరాభరణానికి, కల్యాణికి గాంధారాన్ని 14 సెంట్లు తగ్గించి ఒక అమరిక, పంచమాన్ని 2 సెంట్లు పెంచి ఇంకొక అమరిక చేసి భద్రపరచుకోండి. తంబూరా శ్రుతి పెట్టుకుని మామూలు అమరికనూ దీన్నీ మార్చి మార్చి వినండి. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.